నాలుగు రొట్టె బండ్లు అమ్మిన వైనం

నా ఉద్యోగం సంగతి ఎవరైనా అడిగితే, బెంగళూరులో ఒక రొట్టెల కంపెనీలో డెస్పాచ్ గుమాస్తాగా చేశానని చెబుతాను. విన్నవాళ్ళు తల ఊపి ఇంకో మాటలోకి వెళ్ళిపోతారు. పొద్దున్నే రొట్టెలు బండ్లకెక్కించి, మధ్యాహ్నానికి ఖాళీ ట్రేలు దించుకునే పనిలో చెప్పుకోదగ్గది ఏముంటుందని వాళ్ళ ఉద్దేశం. మొన్న ఒక పెళ్ళిలో మాత్రం మా దూరపు బంధువు ఒకతను, చిన్నవాడే, నా పక్కన కూర్చుని తన కష్టం చెప్పుకున్నాడు. అతని కంపెనీలో పాత వాన్లు అమ్మాలట. దళారులంతా ఒకే ధర చెబుతున్నారట, ఆ ధర వింటే పైవాళ్ళు మండిపడుతున్నారట. భోజనాలు పూర్తయ్యేదాకా అతన్ని కదలనివ్వకుండా మా నాలుగు రొట్టె బండ్ల కథ చెప్పాను. అతనికి ఎంత పనికొచ్చిందో తెలీదు గాని, చెబుతుంటే నాకు హాయిగా ఉండింది. అందుకే మీకూ చెబుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడిచినన్నాళ్ళూ మా కంపెనీకి చేతినిండా పని. ఊరి చుట్టూ ఎటు చూసినా సైన్యం గుడారాలే, ఆ గుడారాలన్నింటికీ రోజూ రొట్టెలు పోవాలి. మాకు నాలుగు వాన్లుండేవి. ముందు భాగం మామూలు లారీలాగే ఉండి, వెనక మనిషి నిటారుగా నిలబడగలిగేంత ఎత్తున చెక్క పెట్టె, లోపలంతా జింకు రేకు తాపడం, రెండు వైపులా ట్రేలు పెట్టుకునే అరలు. పెట్రోలు కూపన్ల మీద చుక్కలు చుక్కలుగా దొరికే కాలం కాబట్టి ప్రతి బండికీ ఒక బొగ్గు పీపా తగిలించారు. నిలువెత్తు ఇనప పీపా అది. అందులో బొగ్గులు రాజేసి చేతి పంకాతో విసిరితే, లేచిన గ్యాసు గొట్టం గుండా ఇంజనులోకి పోయి బండి నడిచేది. నడిచేదంటే నడిచేది, అంతే. చిన్న మిట్ట వచ్చినా ఆయాసపడేది. మా డ్రైవర్లు ఇళ్ళకు పోయేటప్పటికి వాళ్ళ ముఖాలు వాళ్ళ పెళ్ళాలే గుర్తుపట్టలేనట్టుండేవి.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదికి గుడారాలు లేచిపోయాయి. ఊళ్ళో అంగళ్ళు, కాఫీ హోటళ్ళు పెరిగాయి గాని, వాటికి వేళకు సరుకు అందించడం ఆ బండ్లతో అయ్యే పని కాదు. ఏదో ఒకటి దారిలో నిలబడిపోయేది. ఆలస్యంగా పోయిన రొట్టెను అంగడివాడు ముఖం మీదే తిప్పి పంపేవాడు. అలాంటి సమయంలో మద్రాసు నుంచి కబురొచ్చింది. రెండు కొత్త ఛాసిస్‌లు, అంటే పైన పెట్టె లేని లారీలు, ఓడ దిగుతున్నాయి, కావాలంటే నెలాఖరులోపల డబ్బు కట్టి పట్టుకోండి అని. అప్పట్లో కొత్త బండి దొరకడం లాటరీ తగలడమే. ఆ రెండూ చేజారితే మళ్ళీ ఎప్పటికో ఎవరికీ తెలీదు.

మా యజమానిని అందరం దణీ అని పిలిచేవాళ్ళం. కన్నడంలో యజమానిని అలాగే అంటారు. మా ఇళ్ళలో తెలుగు, వీధిలో కన్నడం, రెండూ కలిసిపోయి ఏది ఏ భాషో మాకే తెలిసేది కాదు. దణీ తక్కువ మాట్లాడే మనిషి. మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, జరీ అంచు తలపాగా వేసుకుని రోజూ పొయ్యిల దగ్గరికి వచ్చి ఒక రొట్టె తీసి బొటనవేలితో నొక్కి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. ఏమీ అనలేదంటే బాగుందని అర్థం.

ఆయన నన్ను గదిలోకి పిలిచి విషయం చెప్పాడు. ఒక ఛాసిస్‌కు డబ్బు సిద్ధంగా ఉంది. రెండోదానికి ఈ పాత బండ్లు నాలుగూ అమ్మగా రావాలి. రెండు కొత్త బండ్లుంటే పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు, నలుగురు డ్రైవర్లకూ పని ఉంటుంది. ఒక్కటే వస్తే ఇద్దరికే.

"ఆ ఇద్దరెవరని నా నోటితో చెప్పించొద్దు," అన్నాడు. అమ్మే బాధ్యత నీదే అని మాత్రం ఆయన విడిగా చెప్పలేదు. నాకు అర్థమైపోయింది. బండ్ల గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా వాటి నంబర్లు.

ఆ నలుగురు డ్రైవర్ల గురించి చెప్పాలి. అందరికంటే పెద్దాయనది ఆనేకల్. మగ్గం నేసే కుటుంబంలో పుట్టి, మగ్గం వదిలి స్టీరింగు పట్టినవాడు. ఆనేకల్, జిగణి వైపు అంగళ్ళకు సరుకు ఆయన బండి మీదే పోయేది. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. తర్వాతి ఇద్దరూ బావా బావమరుదులు. ఒకరు లేకుండా ఇంకొకరు కాఫీ కూడా తాగరు. నాలుగోవాడు హిందూపురం పక్కనుంచి క్లీనరుగా వచ్చి డ్రైవరైనవాడు. ఆ మధ్యే అతని భార్య ప్రసవించింది. వీళ్ళలో ఇద్దరిని ఎంచమంటే ఎవరు ఎంచగలరు? ఒక్కటి మాత్రం అందరికీ తెలుసు. ఎవరు పోయినా పెద్దాయన పోడు. ఎవరు ఉన్నా చిన్నవాడు ఉండడు.

అమ్మకానికి ముందు బండ్లకు రంగు వేయిద్దామని దణీ అన్నాడు. నాకూ బాగానే తోచింది. పిల్లను చూపించేటప్పుడు చిరిగిన చీరలో చూపిస్తామా? పచ్చ రంగు వేయించి, మీద సన్నటి పసుపు గీత లాగించాం. నాలుగూ వరసగా మా ఆవరణలో నిలబడితే నాకే ముద్దొచ్చాయి. పాత మోటార్ల వ్యాపారులందరికీ కబురు పెట్టాం. వచ్చినవాళ్ళకు కాఫీ, అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నులు ఏర్పాటు చేయించాడు దణీ. కడుపు నిండినవాడు ధర బాగా పలుకుతాడని ఆయన నమ్మకం.

వాళ్ళు వచ్చారు. బన్నులు తిన్నారు, కాఫీలు తాగారు. వాళ్ళలో పెద్ద వ్యాపారి మల్లెపూవులాంటి పంచెలో మొదటి బండి దగ్గరికి వెళ్ళి, జేబులోంచి తాళంచెవి తీసి, మడ్‌గార్డు మీద నెమ్మదిగా గీశాడు. పచ్చ రంగు కింద తుప్పు పొడిలా రాలింది. దాన్ని ఉఫ్ఫని ఊది, "రంగు బాగుండాదప్పా, ఏ అంగట్లో కొన్నారు?" అని నన్నడిగాడు. తరవాత ఒక ధర చెప్పాడు. పాత ఇనుమును తూకానికి అమ్మినా అంతకంటే తక్కువ రాదు. నేను మిగతావాళ్ళ వైపు చూశాను. ఒకతను ఆకాశం చూస్తున్నాడు, ఒకతను గోళ్ళు చూసుకుంటున్నాడు, ఒకతను ఇంకో బన్ను కోసం చూస్తున్నాడు. అందరూ ముందే కూడబలుక్కుని వచ్చారు. ఒకడు చెప్పిన ధర మీద ఇంకొకడు ఒక్క కానీ కూడా పెంచడు. కొన్న తరవాత తమలో తాము పంచుకుంటారు.

పోతూ పోతూ ఆ పెద్ద వ్యాపారి నాకొక సలహా కూడా ఇచ్చాడు. యలహంక వైపు ఒకసారి పోయి చూసి రమ్మన్నాడు. సైన్యం వదిలేసిన లారీలు అక్కడ మైదానం నిండా ఉన్నాయి, వచ్చే నెల వేలానికొస్తాయి, అవి వచ్చాక మీ బండ్లను ఊరికే ఇచ్చినా తోలుకుపోయేవాడుండడు అన్నాడు. నేను నిజంగానే సైకిలు మీద పోయి చూశాను. అతను అబద్ధం చెప్పలేదు. కంచె అవతల లారీల మీద లారీలు, కనుచూపు మేర. సైకిలు తిప్పుకుని వచ్చేటప్పుడు దారంతా నాకు పచ్చ రంగే కళ్ళ ముందు ఆడింది.

దణీ ఏమీ అనలేదు. రొట్టె విషయంలో తప్ప ఆయన ఏమీ అనకపోవడం మంచి సూచన కాదు.

ఆ వారంలోనే మా గేటు దగ్గరికి ఒక ఆమె వచ్చింది. నూలు మిల్లు గేటు ముందు కూలీలకు రాగిముద్ద, పులుసు అమ్ముకునే మనిషి. పెనుగొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది, భర్త లేడు. మా దగ్గర మిగిలిపోయిన రొట్టె తక్కువ ధరకు కొనుక్కుపోతుండేది కాబట్టి నాకు పరిచయమే.

"అప్పా, బండ్లు అమ్ముతా ఉండారంట. నాకొకటి కావల్ల," అంది.

నవ్వు ఆపుకుని, బండి తోలడం ఎప్పుడు నేర్చుకున్నావక్కా అన్నాను.

"నాకు తోలేది యాడ పనప్పా. బండి మీరే పెట్టుకోండి. ఎనకాల పెట్టె ఇయ్యి, చాలు."

పెట్టె ఇచ్చేస్తే ఇంక బండిని ఎవరు కొంటారని అన్నాను. ఆమె ఆ పచ్చటి వరస వైపు ఒకసారి చూసి, "పెట్టె ఉండంగా ఎవరు కొన్నారప్పా?" అంది. ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఏదో చెప్పి పంపేశాను గాని, ఆ పూటంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేనే మిల్లు గేటు దగ్గరికి వెళ్ళాను. అన్నం గంట కొట్టారు. కూలీలు బిలబిలమంటూ వచ్చి ఆమె చుట్టూ నేల మీదే కూర్చున్నారు. గాలి దుమారానికి ఆమె ఒక చేత్తో కుండ మీద గుడ్డ కప్పుతూ ఇంకో చేత్తో వడ్డిస్తోంది. జనం తగ్గాక నాకూ ఒక ముద్ద పెట్టి చెప్పింది. గుడిసె వేసుకుంటే మునిసిపాలిటీ వాళ్ళు పీకేస్తున్నారు. వాన వస్తే ఆ పూట బేరం పోయినట్టే. మా పెట్టె అయితే రాళ్ళ మీద నిలబెట్టుకోవచ్చు, అరలున్నాయి, రేకు తాపడం ఉంది, చీమ దూరదు, రాత్రికి తాళం వేసుకోవచ్చు. పీకేయడానికి అది గుడిసె కాదు, బండి పెట్టె. ఎంత ఇవ్వగలవని అడిగాను. ఆమె చెప్పింది విని ముద్ద గొంతులో అడ్డం పడింది. మొత్తం బండికి వ్యాపారి చెప్పిన దానిలో సగానికి పైనే.

అక్కణ్ణుంచి నా కళ్ళు మారిపోయాయి. దారిలో రాళ్ళు తోలే ఎద్దుబండ్లు కనిపిస్తే ఆగి మాట్లాడాను. యలహంక గుట్టల నుంచి రాయి మోసే బండివాడొకడు, చెక్క చక్రాలు బరువుకు విరిగిపోతున్నాయి, మోటారు ఇరుసు, రబ్బరు చక్రాలు దొరికితే రెండింతలు మోయొచ్చని చెప్పాడు. కొలిమి దగ్గరికి పోతే, లారీ పట్టీలు, అంటే చక్రాల పైన ఉండే ఉక్కు బద్దలు, కొడవళ్ళకు అంతకు మించిన ఉక్కు లేదన్నాడు కమ్మరి. మా వీధి మంగలి తన అంగడికి డ్రైవరు సీటు కావాలన్నాడు. యలహంక లారీలు అమ్మేవాడెవడూ వీళ్ళ దగ్గరికి రాడు. వీళ్ళు లారీ కొనరు.

దణీకి ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు తలపాగా సర్దుకుంటూ కూర్చున్నాడు. ఆయన భయం నాకు తెలుసు. ఒకసారి విప్పిన బండిని మళ్ళీ బిగించి అమ్మలేం. సగం ముక్కలు అమ్ముడుపోయి సగం మిగిలితే వ్యాపారి ఆ మాత్రం ధర కూడా ఇవ్వడు. చివరికి, "ఒకటి విప్పండి. ఒక్కటే. ఆదివారం ఒక్క రోజులో అదంతా పోతే మిగతావాటి సంగతి చూద్దాం. పోకపోతే సోమవారం పొద్దున ఆ తాళంచెవి మనిషిని పిలిపించు," అన్నాడు.

విప్పడానికి అన్నింటికంటే పాతదాన్ని ఎంచుకున్నాం. అది ఆనేకల్ అన్న తోలే బండి.

ఆయనకు చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆయన దాని అద్దం తుడుస్తున్నాడు. నేను చెప్పింది మొత్తం విని, గుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు.

"నడిచే బండిని కోస్తారా అప్పా?"

కోయకపోతే రెండో బండి రాదన్నా అని చెప్పాను. యుద్ధం నడిచినన్నాళ్ళూ ఆ బండి ఎక్కడెక్కడ తనను నిలబెట్టిందో, ఎక్కడెక్కడ నిలబెట్టకుండా తీసుకొచ్చిందో ఆయన చెప్పుకుంటూ పోయాడు. గొంతు ఎక్కడా పెంచలేదు. చివర్లో, ఆదివారం నేను రానప్పా, నన్ను పిలవొద్దు అని వెళ్ళిపోయాడు. ఆయన లేకుండా ఆ బండిని ముట్టుకోవాలంటే నాకు చేతులు రాలేదు. కాని నెలాఖరు ఎంతో దూరంలో లేదు.

ఆదివారం పొద్దున్నే ఫిట్టరు, బావా బావమరుదులు, చిన్నవాడు అందరూ కలిసి బండిని విప్పారు. తాళ్ళు కట్టి పెట్టెను కిందికి దించారు. మిల్లు గేటు ఆమె కూలీలను నలుగురిని, ఒక ఎద్దుబండిని వెంటబెట్టుకుని వచ్చింది. పెట్టెను ఎద్దుబండి మీద పెట్టుకుని, దాని తలుపు తీసి లోపలికి ఎక్కి నిలబడి, తల పైకప్పుకు తగలడం లేదని చూసుకుంది. ఆ పెట్టెలో నిలబడే వీధిలోకి పోయింది. మా పొయ్యిల దగ్గర పనిచేసేవాళ్ళంతా బయటికొచ్చి చూశారు.

రాళ్ళబండివాడు ఇరుసూ చక్రాలూ పట్టుకుపోయాడు. కమ్మరి పట్టీలను చేత్తో వంచి చూసి, వంగకపోతే సంతోషించి తీసుకెళ్ళాడు. సీటు మంగలి నెత్తి మీద పోయింది. ఎవరో హారన్ కొన్నారు, ఎవరో లైట్లు కొన్నారు. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి ఆవరణలో అమ్మకానికి మిగిలింది ఇంజను ఒక్కటే. దాన్ని రెండు దుంగల మీద బిగించి పెట్టాం. బొగ్గు పీపాను గోడ వారకు నెట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ పీపాను చూడాలంటేనే నాకు నామోషీగా ఉండింది.

ఇంజను కోసం ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్ళిపోయారు. పెట్రోలు కూపన్ ఎవడిస్తాడన్నారు. అసలు డబ్బంతా ఇంజనులోనే ఉంది. అది పోకపోతే మిగతావి అమ్మి లాభం లేదు. ఇంతలో తాళంచెవి వ్యాపారి గేటుకు ఆనుకుని నిలబడి ఉండడం చూశాను. లోపలికి రాలేదు. రేపు రమ్మంటారేమోనని ఇవాళే చూసిపోదామని వచ్చినట్టున్నాడు. దణీ గది కిటికీలో తలపాగా కనిపిస్తోంది. చిన్నవాడు ఇంజను పక్కనే గొంతుక్కూర్చుని, అప్పటికే తుడిచిన చోటునే మళ్ళీ తుడుస్తున్నాడు.

మధ్యాహ్నం వాలాక ఆనేకల్ అన్న వచ్చాడు. వెంట ఒక రైతు. తలకు తుండు, భుజాన కంబళి, చెప్పులు చేతిలో పట్టుకుని లోపలికొచ్చాడు. జిగణి దగ్గర మనిషి. బావి బాగా లోతుకు పోయింది, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలితే అవి నాలుగు తిరుగుళ్ళకే కూలబడుతున్నాయి, పంపు పెడదామంటే కరెంటు లేదు, పెట్రోలు లేదు. ఇవన్నీ అన్న నాకు చెప్పలేదు. రైతే చెప్పాడు. అన్న ఇంజను వైపు చూడకుండా ముఖం పక్కకు పెట్టుకుని నిలబడ్డాడు.

రైతు ఇంజను చుట్టూ తిరిగాడు. తరవాత గోడ వారనున్న పీపా దగ్గర ఆగాడు.

"ఇదేందప్పా? నీళ్ళు కాగబెట్టేదా?"

నేను నోరు తెరిచేలోపల అన్న అన్నాడు, "దాంతోనే నడుస్తాది. బొగ్గు యేస్తే చాలు. పెట్రోలు అక్కర్లే."

రైతు వంగి పీపా మూత ఎత్తి చూశాడు. ఆనేకల్ చుట్టుపక్కల బొగ్గు కాల్చేవాళ్ళకు కొదువ లేదు. మరి ఆ పీపాను వాకిట్లో పెట్టకుండా గోడ చాటున ఎందుకు దాచావని నన్నడిగాడు. నేను దాని ధర ఎంత చెప్పాలా అని ఆలోచనలో పడ్డాను. అంతవరకు దాన్ని స్నానాల నీళ్ళకు ఎవరికైనా అంటగడదామనే అనుకున్నాను.

రైతు పోయి ఆనేకల్ అన్నకు ఎదురుగా నిలబడ్డాడు. "తోలినోడివి నువ్వే కదా. నీ బిడ్డల మీద ఆన, నిజం చెప్పు. ఎట్లుండాది ఇది?"

గేటు దగ్గర వ్యాపారి కూడా మెడ సాచాడు. అన్న అప్పుడు మొదటిసారి ఇంజను వైపు చూశాడు.

"నూనె తాగుతాది. పొద్దున్నే లేపితే మొండికేస్తాది. మిట్ట ఎక్కలేదు," అన్నాడు. ఆయన తాపీగా భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకుని, "మీ బావికి మిట్టలు లేవు కదప్పా," అన్నాడు.

రైతు పెద్దగా నవ్వాడు. రాజెయ్యి చూద్దాం అన్నాడు. చిన్నవాడు పరుగున పోయి బొగ్గులు తెచ్చాడు. అన్నే పీపాను ఇంజను దగ్గరికి లాగి, గొట్టం తగిలించి, బొగ్గు నింపి నిప్పు రాజేశాడు. పంకా తిప్పగా తిప్పగా గ్యాసు లేచి, ఇంజను రెండుసార్లు మొండికేసి, మూడోసారి అందుకుంది. రైతు కంబళి పరుచుకుని దాని పక్కనే కూర్చుని ఆకు వక్క నముల్తూ చాలాసేపు చప్పుడు విన్నాడు. మధ్యలో ఆగిపోతుందేమోనని నేను ఉడికిపోయాను. ఆగలేదు. ఆయన లేచి, మొల దగ్గర ముడి విప్పి, ఇంజనుకూ పీపాకూ కలిపి నేను చెప్పిన ధరను కొంచెం తగ్గించి ఇచ్చాడు. ఆ కొంచెం తగ్గించడం కూడా మర్యాద కోసమేననిపించింది. ఎద్దుబండిలో గడ్డి పరిచి, బిడ్డను పడుకోబెట్టినట్టు ఇంజనును పడుకోబెట్టుకుని పోయాడు.

కిటికీలోంచి తలపాగా మాయమైంది. కాసేపటికి లోపల్నుంచి అందరికీ కాఫీ వచ్చింది. బన్నులు కూడా వచ్చాయి.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే అన్న నా పక్కకు వచ్చాడు. ఆయనే చెప్పాడు. "ఒక్క బండొచ్చినా నాకు పనుంటాది. అది నాకు తెల్సు. ఆ చిన్నోని ఇంట్లో పసిబిడ్డ ఉండాది. ఇనుము కోసరం నేను మొగం తిప్పుకొని కూచుంటే ఎట్లప్పా?" అంతే. తరవాత ఆ విషయం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

మిగతా మూడింటి అమ్మకం అంత సొగసుగా ఏమీ సాగలేదు. బొగ్గు ఇంజను జిగణిలో నీళ్ళు తోడుతోందన్న మాట పొలాలమీదుగా పాకి, రెండోదాని ఇంజనును ఆ పక్క ఊరి రైతులు ముగ్గురు కలిసి కొన్నారు. మూడోదాన్ని విప్పితే సిలిండరు పగిలి ఉంది. ఆ ఇంజనును ఇనుము తూకానికే ఇవ్వాల్సి వచ్చింది. ఆ బండి పెట్టె అడుగు పుచ్చిపోయి ఉంటే కోళ్ళు పెంచేవాడు ఒకడు బేరమాడి బేరమాడి నన్ను సగం చేసి పట్టుకుపోయాడు. ఇక నాలుగోది విప్పబోతుంటే తాళంచెవి వ్యాపారి వచ్చాడు. విప్పొద్దు, మొత్తంగా నేనే తీసుకుంటానన్నాడు. ఆ రోజు మీరు చెప్పిన ధర ఇదీ అని గుర్తుచేస్తే దగ్గి, అది రంగుకు చెప్పిన ధర అన్నాడు. ఈసారి ఇంజనుకు, పెట్టెకు, పీపాకు విడివిడిగా ధర చెప్పి మొత్తం కూడాడు. నేర్చుకున్న మనిషితో బేరమాడటం సుఖం. తోడుగా వచ్చేవాళ్ళు ఈసారి ఎవరూ లేరు కాబట్టి బన్ను కూడా ఒకటే ఖర్చయింది.

నెలాఖరుకు రెండో ఛాసిస్‌కు డబ్బు సరిపోయింది. సరిపోయిందంటే బొటాబొటిగా. రెండు బండ్లూ మద్రాసు నుంచి తోలుకు రావడానికి నలుగురూ కలిసే వెళ్ళారు. ఇద్దరు చాలు కదా అంటే బావ లేకుండా బావమరిది కదలడు. చిన్నవాడు కొత్త బండి చూడాల్సిందే అన్నాడు. మిగిలిన ముగ్గురినీ నమ్మి బండి వదలనని అన్న అన్నాడు. వాళ్ళు తిరిగొచ్చిన రోజు మిల్లు గేటు ఆమె తన పెట్టెలోంచి దిగి వచ్చి నలుగురికీ ముద్ద పెట్టింది. నాకూ పెట్టింది. నేను కొత్త బండి తోలలేదు గదా అంటే, తినప్పా, నువ్వు పాత బండి తోలినావు అంది.

ఇప్పటి కంపెనీల్లో ఏ బండి ఎప్పుడు అమ్మితే ఎంత వస్తుందో చెప్పే లెక్కలు ఉన్నాయంటున్నారు. ఉండనివ్వండి, మంచిదే. నేను మా బంధువుల అబ్బాయికి చెప్పింది ఒక్కటే. బండ్లు కొనేవాళ్ళనే అడుగుతూ కూర్చోవద్దు. ఒక పూట ఆఫీసు వదిలి ఊళ్ళో తిరుగు. ఎవరికి ఏం కొరతగా ఉందో చూడు. రంగు మాత్రం వేయించొద్దు.

ఆ తరవాత మా కంపెనీలో ఏది పాతబడినా నా దగ్గరికే పంపేవాళ్ళు. పొయ్యి తలుపులు, పిండి కలిపే యంత్రం, చివరికి ఆఫీసు గడియారం కూడా. అమ్మగానే దణీ అడిగే మొదటి మాట ఎంతకు అని. మా ఆనందమూ దిగులూ ఆ జవాబు మీదే ఉండేవి. కొన్నేళ్ళకు ఆయనకు చూపు తగ్గింది, కారు తోలొద్దన్నారు డాక్టర్లు. చాలా ఏళ్ళు ఆయన స్వయంగా తోలుకున్న కారు. ఒక సాయంత్రం నన్ను ఇంటికి పిలిపించి తాళం నా చేతిలో పెట్టాడు.

"దీన్ని మాత్రం విప్పొద్దు," అన్నాడు. "నడిచేటట్టే ఎవరికైనా ఇయ్యి."

దళారుల దగ్గరికి పోలేదు నేను. యలహంకలో ఒక లేడీ డాక్టరు చుట్టుపక్కల పల్లెలకు కాన్పులు చేయడానికి జట్కాలో తిరుగుతోందని తెలిసి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇవ్వగలిగింది చెప్పింది, నేను తలూపాను. తాళం ఆమెకు అందించి, దణీ ఇంటికి పోయి, అమ్మేశానని చెప్పాను. ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఎవరికి అని అడిగాడు. చెప్పాను. తనే తోలుకుంటుందా అని అడిగాడు. తనే తోలుకుంటుంది, బాగానే తోలుతుంది, మలుపుల్లో హారన్ కొడుతుంది అని చెప్పాను. ఆయన తల ఊపి, కాళ్ళు చాపుకుని, కాఫీ తాగి పొమ్మన్నాడు. ఎంతకు అని అడుగుతాడేమోనని గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను. అడగలేదు.